బాబాయ్ సిరీస్ కనెక్షన్

సిరీస్ కనెక్షన్ తెలియని మనిషి మన దగ్గర దొరకడు. టార్చిలైట్లో సెల్లు వెనక సెల్లు వేసిన ప్రతివాడూ ఇంజనీరే, అలాంటిది నిజంగానే కరెంటు డిపార్టుమెంటులో రిటైరైన మా బాబాయ్ సంగతి చెప్పేదేముంది. రిటైరయ్యాక కొందరు కాశీకి వెళ్తారు, కొందరు రియల్ ఎస్టేట్‌లో దిగుతారు, ఈయన మాత్రం రిమోట్ విమానాల పిచ్చిలో పడ్డాడు. మొదట చిన్న థర్మాకోల్ విమానం. అది చింతచెట్టు పాలయ్యాక ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో పెద్దది కొన్నాడు. రెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చాయి, పిన్ని కుట్టుమిషన్ వరండాలోకి వెళ్ళింది.

ఆ విమానం మోటారు మీద '500 కేవీ' అని రాసి ఉండటం చూసి బాబాయ్ చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆయన సర్వీసు మొత్తంలో 220 కేవీ దాటి చూడలేదట. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టులు కాదు, ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క అని చెబితే కాస్త నిరాశపడి మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

అసలు కథ బ్యాటరీతో మొదలైంది. లైపో (లిథియం పాలిమర్) సెల్లు ఒకటి 3.7 వోల్టులు, నిండా చార్జి చేస్తే 4.2. మూడు సెల్లులుంటే 3ఎస్, అంటే 11.1 వోల్టులు. ఆరుంటే 6ఎస్, 22.2. ఈ పెద్ద విమానానికి 6ఎస్ కావాలి. ఇంట్లో ఉన్నవి రెండు 3ఎస్ ప్యాకులు. 6ఎస్ ప్యాకు ధర చూడగానే బాబాయ్‌లోని ఇంజనీరు లేచి కూర్చున్నాడు.

"మూడూ మూడూ ఎంతరా?"

"ఆరు."

"మరి ఇంట్లో ఆరు పెట్టుకుని బయట ఆరు కొనేవాణ్ణి ఏమంటారు?"

ఆ లెక్కలో తప్పేం లేదు, చాలామంది అలాగే కట్టి ఎగరేస్తారు. సిరీస్‌లో వోల్టులు కలుస్తాయి, 2200 ఎంఏహెచ్ కెపాసిటీ మాత్రం 2200 గానే ఉంటుంది, కానీ అదే పవర్ సగం కరెంటుతో వచ్చేస్తుంది కాబట్టి వైర్లు అంతగా వేడెక్కవు. ఈ ముక్క నా నోట్లోంచి పూర్తిగా రాకముందే బాబాయ్ కుర్చీలోంచి లేచి "అందుకే కదరా మేము 132 కేవీ లైన్లు వేసింది!" అన్నాడు, ఆ స్తంభాలన్నీ ఆయనొక్కడే భుజాన మోసి పాతినట్టు.

చిక్కల్లా ఆ రెండు ప్యాకులతోనే. ఒకటి కొత్తది. రెండోది పక్కవీధి కుర్రాడు ఊరికే ఇచ్చింది. లైపో బ్యాటరీని ఎవరైనా ఊరికే ఇస్తున్నారంటే దండం పెట్టి వచ్చేయాలి, అది బ్యాటరీ ఇవ్వడం కాదు, వదిలించుకోవడం. రెండింటి లేబుల్ మీదా 2200 అనే ఉంది. పాతదాంట్లో ఇప్పుడెంత మిగిలిందో ఆ కుర్రాడికీ దేవుడికీ తెలియాలి.

"బాబాయ్, సిరీస్‌లో కట్టేవి రెండూ ఒకే కెపాసిటీ, ఒకే వయసు, ఒకే సీ రేటింగ్, అంటే కరెంటు ఇచ్చే సత్తా, ఉండాలి" అన్నాను.

"ఒరేయ్, ఊళ్ళో సగం ఇళ్ళకి ఇన్వర్టర్ బ్యాటరీలు కట్టించాను, ఎవడన్నా వాటి జాతకాలు అడిగాడా?"

నిజానికి అక్కడా చూడాలి. కాకపోతే లెడ్ యాసిడ్ బ్యాటరీ కొంత సర్దుకుపోయే రకం. లైపో సర్దుకోదు, అలుగుతుంది, తర్వాత పొగ వదులుతుంది.

రెండు ప్యాకుల్ని కలిపే వైరు కూడా కొనలేదు. క్యాలెండర్ చింపి వెనకవైపు బొమ్మ గీశాడు: మొదటిదాని నలుపు బయటికి, రెండోదాని ఎరుపు బయటికి, మిగిలిన నలుపూ ఎరుపూ ఒకదానికొకటి. ఆ చింపిన కాగితం వచ్చే నెలదట, దాని మీద పిన్ని పాలవాడి లెక్కా, ఎవరిదో పెళ్ళి ముహూర్తమూ ముందే రాసి పెట్టుకుందట, అది వేరే గొడవ. పసుపు ఎక్స్‌టీ60 కనెక్టర్లకి సోల్డరింగ్ మాత్రం నిజంగా బాగా చేశాడు. అది ఒప్పుకోవాలి. హీట్ ష్రింక్ ట్యూబు కూడా నీట్‌గా తొడిగాడు.

తగిలించగానే ఠప్పుమని నిప్పురవ్వ వచ్చింది. వంటింట్లోంచి పిన్ని "ఏవండీ, ఏం పేలింది?" అంది. పేలలేదు. మోటారుని నడిపే ఈఎస్‌సీలో కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి, నిండా చార్జయిన 25.2 వోల్టులు ఒక్కసారి తగలగానే అవి గబుక్కున నిండే చప్పుడది. దీనికోసమే యాంటీ స్పార్క్ కనెక్టర్లు అమ్ముతారు. బాబాయ్ మాత్రం దాన్ని కొబ్బరికాయ కొట్టిన లెక్కలో వేసుకున్నాడు. ఈఎస్‌సీ ఆరు సెల్లులని లెక్కపెట్టి ఆరుసార్లు కూసింది. "చూశావా, దానికి కూడా మూడూ మూడూ ఆరే!" అన్నాడు.

ఒంగోలు బైపాస్ అవతల ఒక వెంచర్ ఉంది. పెద్ద ఆర్చి, నలభై అడుగుల తారు రోడ్లు, ఎటు చూసినా హద్దురాళ్ళు, ఇల్లు ఒక్కటి కూడా లేదు. మన రాష్ట్రాల్లో రన్‌వేలకి కొరత ఉందనేవాళ్ళు ఎప్పుడూ వెంచర్ చూడలేదనుకుంటా. మే నెల, పొద్దున్నే వెళ్ళినా అప్పటికే తారు మెత్తబడుతోంది. విమానం మాత్రం అద్భుతంగా లేచింది. ఇంత లావు విమానం అంత తేలిగ్గా లేస్తుందని నేననుకోలేదు, బాబాయ్ మొహం పదేళ్ళు చిన్నదైపోయింది.

"చూడరా, పాత బ్యాటరీ, కొత్త బ్యాటరీ! ఎవరికి తెలుస్తోంది?"

ఎవరికీ తెలియకపోవడమే అక్కడ ప్రమాదం. సిరీస్‌లో కట్టాక రెండింటిలోంచీ ఒకటే కరెంటు పోతుంది, ముసలిది అలిసిపోయిందని దానికి తగ్గించి ఇవ్వడం ఉండదు. చార్జి అయిపోవస్తే ఈఎస్‌సీయే మోటారు ఆపేస్తుంది కదా అంటారా? అది చూసేది మొత్తం వోల్టేజీని. సెల్లుకి 3.2 చొప్పున ఆరింటికి 19.2 దగ్గర ఆపమని సెట్ చేశామనుకోండి. కొత్త ప్యాకు సెల్లుకి 3.7 తో దర్జాగా 11.1 చూపిస్తుంటే, పాతది సెల్లుకి 2.7 కి పడిపోయి 8.1 దగ్గర మూలుగుతుంటుంది. కలిపితే సరిగ్గా 19.2. అంటే ఈఎస్‌సీ మేలుకునే సమయానికి పాత ప్యాకు పని అయిపోయినట్టే.

అలాగే అయింది. రెండో చుట్టులో మోటారు గొంతు మారింది, థ్రాటిల్ పెంచితే ఇంకా తగ్గింది, విమానం రోడ్డు వదిలేసి ప్లాట్ల మీదుగా జారుకుంటూ వెళ్ళి ఒక తూర్పు ఫేసింగ్ ప్లాట్‌లో హద్దురాయి పక్కన ముక్కు ఆనించి కూర్చుంది. సరిగ్గా ఆ సమయంలో ఆ ప్లాటునే ఒక ఏజెంటు ఎవరో భార్యాభర్తలకి చూపిస్తున్నాడు. ఆవిడ కెవ్వుమంది. మేము పరిగెత్తుకెళ్ళేసరికి ఏజెంటు రవ్వంత కూడా తడబడకుండా, "చెప్పానా సార్, ఎయిర్‌పోర్టు ఇటువైపే వస్తోందని!" అంటున్నాడు.

ప్రొపెల్లర్ విరిగింది, అంతే. మూత తీసి చూస్తే కొత్త ప్యాకు గోరువెచ్చగా ఉంది, పాతది పూరీలా పొంగి ఉంది. పొంగినదాన్ని మళ్ళీ చార్జి చేయకూడదు, అక్కడితో దాని రుణం తీరినట్టే. దారి పొడుగునా ఇదే చెప్పాను, ఆయనా దారి పొడుగునా "ఊఁ" అంటూనే ఉన్నాడు. ఇంటికి రాగానే నేను మజ్జిగ తాగడానికి లోపలికి వెళ్ళాను, ఆయన చార్జర్ తీశాడు.

కుర్రాడు బ్యాటరీతో పాటు ఒక ప్యారలల్ చార్జింగ్ బోర్డు కూడా ఊరికే ఇచ్చాడట (ఈ కుర్రాణ్ణి ఒకసారి చూడాలి). రెండు ప్యాకుల్నీ ఒకేసారి చార్జి చేయొచ్చు, మంచి వస్తువే. కానీ బాబాయ్ ఆ సిరీస్ వైరు ఊడదీయలేదు, మళ్ళీ ఎలాగూ తగిలించాలి కదా అని. అలాగే ఉంచి రెండు ప్యాకుల బ్యాలెన్స్ ప్లగ్గులూ (ఒక్కో సెల్లు సంగతీ విడివిడిగా చూసుకోవడానికి ఉండేవి) బోర్డుకి గుచ్చాడు. సిరీస్‌లో మొదటిదాని ప్లస్సు రెండోదాని మైనస్‌కి కలిసి ఉందా, బోర్డేమో ఇద్దరి మైనస్‌లనీ కలిపేస్తుందా, అంటే మొదటి ప్యాకు ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నట్టే. రెండోదానికీ అదే గతి. ఆ కరెంటంతా వెళ్ళాల్సింది జానెడు సన్నటి బ్యాలెన్స్ వైర్లలోంచి. అవి ఒక్క క్షణం ఎర్రగా వెలిగి, ప్లాస్టిక్ అంతా కార్చుకుని, వరండా నిండా తెల్లటి పొగ వదిలాయి.

పొగ నేరుగా నులకమంచం మీద ఎండబెట్టిన వడియాల మీదికి వెళ్ళింది. ఆ తర్వాత జరిగినదాన్లో లైపో పాత్ర తక్కువ. పొంగిన ప్యాకు బుస్సుమంటోంది, బాబాయ్ రెండడుగులు వెనక్కి వేసి "ఫ్యూజు పెట్టాల్సింది" అని సిద్ధాంతం మొదలుపెట్టాడు, నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయాను. పిన్ని మాత్రం వంటింట్లోంచి పట్టకారు తెచ్చి, పొగా వైర్లూ బోర్డూ సహా మొత్తం ఎత్తి, వీధి దాటి, ఎదురుగా కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలో పడేసి, కాలితో నాలుగుసార్లు ఇసుక తోసి, వెనక్కి తిరిగి "వడియాలు వాసనొస్తే మీరిద్దరే తినాలి" అంది. లైపో మంటకి ఇసుక మంచిదని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు.

ఆ ఇంటాయన పరిగెత్తుకొచ్చి "లోడు ఇసుక ఎంత పడిందో తెలుసా మాస్టారూ?" అని గొడవపడ్డాడు. ఇసుక ధర మీద బాబాయ్ కూడా ఆయనతో కలిసి ప్రభుత్వాన్ని తిట్టడంతో అది సర్దుకుంది. సాయంత్రం చల్లారాక ప్యాకులు రెండూ ఏరాను, సోల్డరింగ్ చేసిన ఆ పసుపు కనెక్టర్ల వైరు మాత్రం దొరకలేదు.

అది మేస్త్రీకి దొరికింది, మర్నాడు ఇసుక జల్లెడ పడుతుంటే. తాయెత్తో ఏమో అనుకున్నాడు పాపం, ఎరుపూ నలుపూ దారాలు, పసుపు బిళ్ళలు. పారేస్తే ఏం చుట్టుకుంటుందోనని తీసుకెళ్ళి సెంట్రింగ్ కర్రకి వేలాడుతున్న దిష్టిబొమ్మ మెడలో కట్టాడు. బాబాయ్ వరండాలోంచి దాన్ని చాలాసేపు చూసి, "ఒరేయ్, సోల్డరింగ్ ఇంకా ఊడలేదు చూడు" అన్నాడు.