వెన్నెముక బ్యాచ్ ఫలితాలకు రీవెరిఫికేషన్ కావాలి

బెజవాడలో బైపీసీ చదివే పిల్లల గదుల్లో తరచూ కనబడే చార్టు ఒకటుంది. అడుగున చేప, దాని మీద కప్ప, ఆపైన బల్లి, పావురం, ఆవు, కోతి, అన్నిటికన్నా పైన చొక్కా లేని ఒక మనిషి. శాస్త్రజ్ఞులు దాన్ని ఏమన్నా అనుకోనివ్వండి, మన ఊళ్లో అది ర్యాంకుల జాబితా. చేపకి సీటు రాలేదు. కప్పకి సగం నీళ్లలో, సగం గట్టు మీద ఏదో కోటాలో సర్దారు. మనకి ఓపెన్‌లో ఫస్టు ర్యాంకు. అర మార్కు కోసం రీకౌంటింగ్ ఫీజు కట్టే తల్లిదండ్రులున్న ఈ గడ్డ మీద, యాభై కోట్ల ఏళ్లు సాగిన జీవపరిణామం అనే పరీక్ష మీద మాత్రం ఒక్క దరఖాస్తూ పడలేదు. కనుక ప్రజాప్రయోజనం దృష్ట్యా జవాబు పత్రాలు తెప్పించి చూడక తప్పదు.

ముందు గుండె. చేపకి రెండు గదులు, కప్పకి మూడు, మనకి నాలుగు. ఇంత ముచ్చటగా పెరిగే అంకెలు చూస్తే ఏ లెక్చరర్‌కైనా కడుపు నిండిపోతుంది. బల్లికీ పాముకీ కింది గదిలో గోడ సగమే లేచింది కాబట్టి మూడున్నర అని సర్దుకోవచ్చు. చిక్కల్లా మొసలితో. దానికి నాలుగు గదులూ పూర్తిగా ఉన్నాయి. "ఇది ఎక్సెప్షన్, బిట్టుగా వస్తుంది, అండర్‌లైన్ చేసుకోండి" అనేసి క్లాసు ముందుకు సాగిపోతుంది. పైగా మొసలి గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనుల మధ్య పనిజ్జా రంధ్రం అనే దారి ఒకటుంది. నీట మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు అది ఊపిరితిత్తులకి వెళ్లే రక్తాన్ని తగ్గించి ఒంటికి మళ్లించుకోగలదు. మనకి ధమనుల మధ్య అలాంటి దారి మిగిలిపోతే సూర్యారావుపేట ఆసుపత్రిలో చేర్పించి మూయిస్తాం. ఇక కోడికీ నాలుగు గదులే. మన పేపరు చూసి రాసిందేమో అనడానికీ లేదు, దాని బృహద్ధమని కుడికి వంగుతుంది, మనది ఎడమకి. ఎవరి జవాబు వాళ్లే రాసుకున్నారు.

రెండోది శ్వాస. గుంటూరులో ఆదివారం పొద్దున ఏ చికెన్ కొట్టు దగ్గరైనా నిలబడి చూడండి. కోడిని చీల్చాక గుండె, కార్జం, కందనకాయ లాగితే వచ్చేస్తాయి. ఊపిరితిత్తులు మాత్రం రావు. వీపు వైపు పక్కటెముకల సందుల్లో, ఎముకల అచ్చు పడేంత గట్టిగా ఇరుక్కున్న గులాబీ రంగు మెత్తటి ముక్కలవి. వేలు పెట్టి గోకాలి. మేక ఊపిరితిత్తిని ఊదితే ఉబ్బుతుంది, ఇది దాదాపు ఉబ్బదు. ఉబ్బే పని చుట్టూ ఉన్న గాలి సంచులది. పీల్చిన గాలి మొదట వెనక వైపు సంచుల్లోకి పోయి, ఊపిరితిత్తి గుండా ఒకే దిక్కుకి సాగి, ముందు వైపు సంచుల మీదుగా బయటికొస్తుంది. ఒక గుక్క గాలి ఆ ప్రయాణం ముగించేసరికి కోడి రెండుసార్లు పీల్చి రెండుసార్లు వదలాలి. మనం 500 మి.లీ. పీలిస్తే దాదాపు 150 మి.లీ. గొట్టాల్లోనే ఆగి, ఏ పనీ చేయకుండా తిరిగొచ్చేస్తుంది. నూటికి ముప్పై వృథా పోయినా ఇందులో మనకి ఫుల్ మార్కులెలా పడ్డాయో, పేపరు దిద్దిందెవరో విచారించాలి. చారల తల బాతులు హిమాలయాల మీదుగా వలసపోతాయి. మనం ఇంద్రకీలాద్రి సగం మెట్లకే కూలబడతాం.

గాలి పీల్చడం రాకే చేప ఫెయిలైందనేవాళ్లు మార్కెట్‌కి వెళ్లి కొర్రమీను ధర అడగాలి. శీలావతీ బొచ్చే ఐసు మీద పడుంటే, ఇది జానెడు నీళ్ల టబ్బులో ప్రాణంతో ఉండి, ఉండుండి మూతి పైకెత్తి గాలి మింగుతుంది. మొప్పల పైనున్న గదుల్లో గాలిని పట్టుకునే పొర ఉంది. పెద్ద కొర్రమీనుకి మొప్పలొక్కటే చాలవు. అంచుదాకా నీళ్లు నింపి మూత బిగించారో, నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. అంతెందుకు, ఊపిరితిత్తే చేపల నాటి పాత సిలబస్సు. నేటి చేపల్లో చాలావాటికి అదే ఈత తిత్తిగా మారింది. కాళ్లూ అంతే. 2004లో కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన టిక్టాలిక్ 37.5 కోట్ల ఏళ్ల నాటి చేప, ఒంటి నిండా పొలుసులు, రెక్కల లోపల మణికట్టు ఎముకలు. ఆ తర్వాతి నాలుగు కాళ్ల జీవి అకాంతోస్టెగాకి ముందు కాళ్లకి ఎనిమిదేసి వేళ్లు, కాపురం మాత్రం నీళ్లలోనే. గట్టెక్కడానికే కాళ్లు పుట్టాయని రాసినవాళ్లందరికీ ఇక్కడ మార్కులు కోయాలి.

చిన్న ప్రశ్నల సంగతి క్లుప్తంగా. మొసలికి జీవితాంతం పళ్లు వస్తూనే ఉంటాయి, మనకి రెండు విడతలు, ఆపైన రూట్ కెనాల్. రంగులు చూడటానికి కోడి కంట్లో నాలుగు రకాల శంకు కణాలు, మన కంట్లో మూడు. తొలి క్షీరదాలు చీకట్లో తిరిగి రెండిటితో సరిపెట్టుకుంటే, కోతుల కాలంలో మూడోది కలిసింది. వీధి కుక్క విటమిన్ సి తన కాలేయంలో తానే చేసుకుంటుంది. మనకి ఆ జన్యువు చెడిపోయింది, నిమ్మకాయ కొనుక్కుంటున్నాం.

న్యాయంగా మార్కులు పడాల్సింది ఒక్క చెవి దగ్గరే, అదీ పాత సామానుతో. సరీసృపాల దవడ కీలులో ఉండే రెండు ఎముకలు క్షీరదాల్లో చెవిలోకి చేరి కూటకం, దాగలి అయ్యాయి. మూడోదైన అంకవన్నె ఒకప్పుడు చేప దవడకి ఆసరాగా ఉన్న ఎముక. దాదాపు 20 కోట్ల ఏళ్ల నాటి తొలి క్షీరదాల బంధువు మోర్గనుకోడాన్‌కి పాత దవడ కీలూ కొత్త కీలూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తది పూర్తిగా పట్టుకున్నాకే పాతదాన్ని వదిలారు. ప్రభుత్వోద్యోగం ఖాయమైతే గానీ ప్రైవేటుది మానని మన పద్ధతే.

అసలు పరీక్ష దరఖాస్తులోనే తప్పుంది. 'చేప' అని ఒకే హాల్ టికెట్టు మీద కూర్చోబెట్టినవాళ్లలో శీలావతి, సొరచేపకన్నా మనకే దగ్గరి చుట్టం. చార్టులో అడుగునున్నది మన తాత కాదు, దాయాది. మనతో పాటే అన్ని కోట్ల ఏళ్లూ పరీక్ష రాస్తూనే ఉంది.

ఇంత విన్నాక కూడా మన ర్యాంకుకి ఫ్లెక్సీ కట్టి తీరాలంటే కొలతలివిగో. 20 అడుగులకి 10 అడుగుల ఫ్లెక్సీ తీసుకుందాం. వెన్నెముక ఉన్న జాతులు దాదాపు 75 వేలు. అందులో రమారమి సగం చేపలే కాబట్టి సగం ఫ్లెక్సీ వాటిదే. క్షీరదాలు 6,500కి పైచిలుకు, వాటా పదిహేడు పద్దెనిమిది చదరపు అడుగులు. అందులో ఏడు చదరపు అడుగులు ఎలుకలూ ఉడతల జాతికి, నాలుగు గబ్బిలాలకి పోతాయి. మనిషి ఒకే ఒక్క జాతి, వచ్చేది 0.4 చదరపు అంగుళం లోపే. పాస్‌పోర్టు ఫొటో కూడా పట్టదు. అయితే ప్రింటింగ్ కొట్టులో అడ్వాన్సు కట్టేది మనమే కనుక, మన ఫొటో మధ్యలో వేసి, మిగతావాళ్లని అంచుల్లో సర్దమని చెప్పుకోవచ్చు.