"ఆస్పత్రులున్నా ఆడవాళ్లే రారు" అంటున్నవాళ్లకి

ఈ మధ్య ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పేద దేశాల్లో కూడా ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి, మందులు ఉచితం, అయినా కాన్పుల్లో తల్లులు చనిపోతున్నారంటే అది వాళ్ల అజ్ఞానం, పిలిచినా రారు, గర్భనిరోధక సాధనాలు ఇచ్చినా వాడరు, కాబట్టి డబ్బు ఆస్పత్రుల మీద కాదు, అవగాహన మీద పెట్టాలి. చివర్లో, ప్రసవం సహజమే కదా, వెనకటివాళ్లు ఇంట్లోనే పదిమందిని కనలేదా అని ఒక మాట. చదివినవాళ్లు నిజమే అనుకుని ఇంకో నలుగురికి పంపుతున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. 2023లో గర్భం వల్లో కాన్పు వల్లో చనిపోయిన ఆడవాళ్లు సుమారు 2,60,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అంటే రోజుకి 700 మందికి పైనే. వాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాలవాళ్లు. ఇన్ని చావులకి చనిపోయినవాళ్లనే తప్పుపట్టే ముందు ఒక్కో మాటా సరిచూసుకోవాలి.

ముందు ఆ "సహజం" సంగతి. పదిమందిని కన్న ఆవిడ గురించి అందరూ చెప్పుకుంటారు, రెండో కాన్పుకే పోయిన ఆవిడ గురించి ఎవరూ చెప్పుకోరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఫెయిత్ అసెంబ్లీ అని ఒక మత బృందం ఉండేది, కాన్పు ఎంత కష్టమైనా వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. తిండికి లోటు లేదు, చదువుకున్నవాళ్లే. 1975-82 మధ్య లెక్కలు తీస్తే వాళ్లలో మాతృ మరణాల రేటు లక్ష కాన్పులకి 870 దాకా తేలింది, ఆ రాష్ట్రంలోని మిగతా ఆడవాళ్లతో పోలిస్తే దాదాపు వంద రెట్లు. చదువూ తిండీ ఉన్నా సరే, వైద్యం లేకపోతే ప్రసవం అంత ప్రమాదం.

ఇక "ఆస్పత్రులున్నాయి" అన్నది. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోకపోతే రక్తం ఆగదు, రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. దాన్ని ఆపడానికి మొదట ఇచ్చే మందు ఆక్సిటోసిన్, దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అంటే ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కి కరెంటు కావాలి, లేకపోతే సీసా బీరువాలో ఉంటుంది కానీ అందులో మందు పాడైపోతుంది. బీపీ పెరిగి ఫిట్స్ వస్తే (పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే) మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ముందే ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి తగ్గుతుందని 2002లోనే తేలింది, చాలా చవక మందు. కానీ రాత్రి రెండింటికి దాన్ని ఇవ్వడం తెలిసిన నర్సు డ్యూటీలో ఉండాలి కదా. బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు ఇచ్చే డాక్టరు, రక్తం, మూడూ ఒకే చోట ఒకే సమయానికి దొరకాలి. ఇవేవీ లేకుండా గోడలూ బోర్డూ మాత్రమే ఉన్నదాన్ని కూడా ఆ మెసేజ్ ఆస్పత్రి కిందే లెక్కేసింది.

అసలు విషయం "వాళ్లే రారు" అన్న మాటలో ఉంది. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఈ చావుల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు: వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మెసేజ్ రాసినవాళ్లకి మొదటిదే కనపడింది. కానీ మొదటి ఆలస్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కింటి కోడల్ని నొప్పుల మీద తీసుకెళ్తే డాక్టర్ లేడని వెనక్కి పంపారని, దారిలోనే పోయిందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. బండికి డబ్బులెవరిస్తారో తెలియదు. ఇంత చూశాక ఇంట్లోవాళ్లు ఒక పూట ఆగి చూద్దాం అనుకుంటే దాన్ని అజ్ఞానం అనలేం, అనుభవం అది.

అక్కడ జరిగే అవమానం కూడా కలపండి. ఘనా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కాన్పుకొచ్చిన ఆడవాళ్లలో మూడోవంతు కంటే ఎక్కువమంది తిట్లో, దెబ్బలో, వివక్షో ఎదుర్కొన్నారని తేలింది. బిల్లు కట్టలేదని బాలింతల్ని ఆస్పత్రిలోనే నిర్బంధిస్తే అది రాజ్యాంగ విరుద్ధమని 2015లో కెన్యా హైకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది.

"సాధనాలు ఇచ్చినా వాడరు" అంటున్నారు. ప్రస్తుతానికి గర్భం వద్దనుకుంటూ కూడా ఆధునిక పద్ధతి ఏదీ వాడలేకపోతున్నవాళ్లు పేద, మధ్యాదాయ దేశాలన్నిట్లో కలిపి సుమారు 21.8 కోట్ల మంది అని 2019 అంచనా. దుష్ఫలితాల భయం ఒక పెద్ద కారణం, కాదనను. కానీ ఒక మందు పడకపోతే ఇంకోటి ఇచ్చి, కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఉంటే ఆ భయం తగ్గుతుంది, పోస్టర్ అంటిస్తే తగ్గదు. సేవ మూసేస్తే ఏమవుతుందో రొమేనియా చూసింది. 1966లో గర్భస్రావం నిషేధించాక మాతృ మరణాలు పెరుగుతూ పోయాయి, 1989 చివర్లో నిషేధం ఎత్తేశాక ఒక్క ఏడాదిలో సుమారు సగానికి పడిపోయాయి. ఆ ఒక్క ఏడాదిలో ఆడవాళ్ల అవగాహన ఏం మారింది? చట్టం మారింది.

తలుపు తెరిస్తే వస్తారనడానికి నేపాల్‌ని చూడండి. కొండలూ అవే, దారులూ చాలావరకు అవే. 2002లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు, 2005 నుంచి కాన్పుకొచ్చేవాళ్లకి దారిఖర్చు ఇచ్చారు, 2009లో కాన్పు ఉచితం చేశారు. 1996 సర్వేలో లక్షకి 539గా ఉన్న మాతృ మరణాలు 2021 జనగణన నాటికి 151కి దిగాయి. మొత్తం ఈ పథకాల వల్లే అనను, కానీ జనం రారన్న మాట అక్కడ నిలబడలేదు.

అవగాహన అసలు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. అదే నేపాల్‌లో మక్వాన్‌పూర్ జిల్లాలో ఊరి ఆడవాళ్లని గుంపులుగా కూర్చోబెట్టి కాన్పు కష్టాల గురించి మాట్లాడించారు, ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 30 శాతం తగ్గాయని 2004లో ప్రచురించారు. అలా కూర్చున్న ఆడవాళ్లు ఆలోచించి చేసిన పనులేమిటంటే, అత్యవసరానికి తలా కొంత వేసి నిధి పెట్టుకున్నారు, కాన్పుకి శుభ్రమైన సామాను తయారుచేసి పంచుకున్నారు, నొప్పులు వస్తే మోసుకెళ్లడానికి స్ట్రెచర్లు ఏర్పాటు చేసుకున్నారు.