సెక్యూరిటీ వేరు, సోకు వేరు

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లే ఎక్కువ. ఓరుగల్లు వైపు నుంచి వచ్చిన మాబోటివాళ్లకు దీనికి తోడు జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉంది: ఇంటి దగ్గరివాళ్ల కంప్యూటర్లు ఇక్కడి నుంచి బాగుచేయడం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసినప్పటి నుంచి ఆ ఉద్యోగంలో ఓవర్‌టైమ్ నడుస్తోంది. హన్మకొండలో షాపులు తెరిచే వేళకు మనకు రాత్రి. ఫోన్ మోగుతుంది. "కొత్త విండోస్‌కు మారాల్నా వద్దా?" "మారినంక నా ఫైళ్లు ఉంటయా?" "స్టార్ట్ బటన్ నడిమిట్లకు ఎందుకొచ్చింది?"

వీటన్నిటికీ మనవాళ్లు ఇచ్చే జవాబు ఒకటే. "అలవాటైతది తీ." ఈ జవాబుతోనే నాకు పేచీ.

అలవాటవుతుంది, నిజమే. కానీ అలవాటు పడేదాకా పోయే టైమ్ ఎవరిది? ఎవరి లాభం కోసం పోతోంది? సాఫ్ట్‌వేర్ తయారుచేసే మనం ఈ రెండు ప్రశ్నలు వేసుకోం. వేసుకోవాల్సిన అవసరం మనకు రాదు కూడా. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ మార్చి కొత్తది ఇస్తే, నాలుగు రోజులు పని నెమ్మదించినా జీతం ఆగదు కదా.

మా బావకు ఆగుతుంది. హన్మకొండలో ఆయనది డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, పాంప్లెట్లు, బిల్లు బుక్కులు, మేడారం జాతర దగ్గర పడిందంటే ఫ్లెక్సీలు. కార్డుల పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. పేజ్‌మేకర్‌ను అడోబ్ 2004లోనే వదిలేసింది. అయినా మన ఊళ్లలో అది ఇంకా బతికి ఉందంటే ఆపరేటర్ల మొండితనం వల్ల కాదు. ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన మ్యాటర్ మొత్తం అందులో ఉంది. అక్క పెండ్లికి కార్డు కొట్టించుకున్నవాళ్లు చెల్లె పెండ్లికీ వస్తారు. పాత ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు మారిస్తే సగం పని అయిపోయినట్టే.

ఆయనకు మార్పంటే భయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేస్తే అడ్రసులన్నీ దిద్దుకున్నాడు. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ జిల్లా అయింది, రూరల్ ఏమో వరంగల్ జిల్లా అయింది. మళ్లీ దిద్దుకున్నాడు. ఆ గందరగోళంలో మనలో చాలామందికి సొంతూరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పడానికి ఒక క్షణం పడుతుంది. ఆయనకు పట్టదు.

మరి కొత్త కంప్యూటర్‌లో ఆయనకు వచ్చిన తిప్పలేమిటి? వినడానికి చాలా చిన్నవి. ఒక్కో పార్టీకి ఒక్కో ఫోల్డర్ తెరిచి పెట్టుకోవడం ఆయన పద్ధతి. కింద టాస్క్‌బార్‌లో వాటి పేర్లు వరసగా కనపడాలి: పరకాల, నర్సంపేట, జమ్మికుంట. కొత్త విండోస్‌లో ఫోల్డర్లన్నీ పసుప్పచ్చని బొమ్మ ఒక్కదాని కిందికి పోయాయి. "ఏ ఊరి పెండ్లి ఏడున్నదో ఎట్ల తెల్వాలె బామ్మర్దీ?" అని ఫోన్. రెండోది రైట్ క్లిక్. ముందు కొన్నే కనిపిస్తాయి, మిగతావి చూడాలంటే ఇంకో వరస మీద నొక్కాలి. రోజుకు ఒకసారి రైట్ క్లిక్ చేసేవాడికి అది లెక్కలోకి రాదు. పొద్దంతా అదే పని చేసే మనిషికి, ఎదురుగా కస్టమర్ కుర్చీలో కూర్చుని "అన్నా, అయిందా?" అంటుంటే, ప్రతి అదనపు క్లిక్కూ లెక్కలోకి వస్తుంది.

రెండింటికీ మందు ఉంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అక్కడ బటన్లను కలపొద్దు అని ఎంచుకోవాలి. స్టార్ట్ బటన్‌ను ఎడమ మూలకు పంపే ఆప్షన్ కూడా అదే పేజీలో ఉంది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే ఫైళ్ల మీద పాత మెనూ పూర్తిగా వస్తుంది. ఇవి చేసి పెట్టాక బావ ఊపిరి పీల్చుకున్నాడు.

అసలు సంగతి ఆ సెట్టింగ్ చరిత్రలో ఉంది. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు, బటన్లను కలపొద్దు అనే ఆ ఆప్షనే లేదు. అంతకుముందు ఉన్నదాన్ని తీసేశారు. జనం గోల చేస్తే 2023లో తిరిగి తెచ్చారు. ఫైలును లాక్కొచ్చి టాస్క్‌బార్ మీద ఉన్న ప్రోగ్రామ్ దగ్గర వదిలే వీలు కూడా అంతే: 2021లో పోయింది, 2022లో తిరిగొచ్చింది. ఇంకా వెనక్కి పోతే 2012 నాటి విండోస్ 8 కథ అందరికీ తెలిసిందే. 1995 నుంచి ఉన్న స్టార్ట్ బటన్‌నే ఎత్తేశారు, మరుసటి ఏడు 8.1లో బటన్ పెట్టారు, 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూను మళ్లీ తెచ్చారు. తీసింది వాళ్లే, తిరిగి పెట్టింది వాళ్లే. మధ్యలో సణిగినవాళ్లను మాత్రం "కొత్తది నేర్చుకోరు" అన్నాం. ఆ సణిగినవాళ్లు లేకపోతే అవి తిరిగి వచ్చేవా?

కొత్తది ఎవరికీ నచ్చలేదని కాదు. రైల్వేలో పనిచేసి రిటైరైన మా చిన్నాయన కాజీపేటలో ఉంటాడు. ఆయనకు విండోస్ 11 మహా ఇష్టం. "బటన్ నడిమిట్ల ఉంటేనే మంచిగున్నది, మూలకు దేవులాడుడు తప్పింది" అంటాడు. పింఛన్ల గురించి, ప్లాట్‌ఫామ్ మీద ఫ్యాన్ల గురించి అర్జీలు రాయడం ఆయన కాలక్షేపం. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేయకుండా మూసేసినా, మళ్లీ తెరిస్తే రాసింది అట్లాగే ఉండడం ఆయన దృష్టిలో ఈ శతాబ్దపు గొప్ప ఆవిష్కరణ. పెండ్లిళ్లలో బావా చిన్నాయనా కలిస్తే విండోస్ మీద వాదన పడుతుంది. డెబ్బై దాటిన ఆయన కొత్తదాని పక్షం, యాభై దాటని ఈయన పాతదాని పక్షం.

అందుకే దీన్ని వయసు గొడవగా చూడడం తప్పు. చిన్నాయన కంప్యూటర్ పట్టింది రిటైరయ్యాకే. ఆయన చేతికి పాత దారి అంటూ పెద్దగా లేదు, కాబట్టి పోయిందీ లేదు. బావ చేతికి ఇరవై ఏళ్ల పని తెలుసు. తల ఎత్తకుండా చేసే వేగమే ఆయన పెట్టుబడి. మెషిన్ మీద బతికేవాడికి ఎక్కువ నష్టం, సరదాగా వాడేవాడికి ఎక్కువ లాభం. డిజైన్ చేసే గదుల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుందని నా అనుమానం. కొత్తగా చూసేవాడి కంటికి ఇంపుగా ఉందా అనే చూస్తారు.

పాతది తీసేయకుండా కొత్తది చేరిస్తే ఎవరికీ పేచీ ఉండదు, దానికి మన భాషలోనే ఉదాహరణ ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది. 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోకి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. చిన్నాయన అర్జీలన్నీ దాంతోనే. దాని కోసం, తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే పాత ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఎవరూ పీకేయలేదు. కావలసినవాళ్లు కొత్తది తీసుకున్నారు, అలవాటైనవాళ్లు పాతదాంట్లోనే ఉన్నారు. ఒక్క ఫిర్యాదు కూడా నా దాకా రాలేదు.

విండోస్ 11తో చిక్కు ఎక్కడంటే, సెక్యూరిటీనీ సోకునూ ఒకే మూటగా కట్టి ఇవ్వడంలో. సెక్యూరిటీ అప్‌డేట్లు అక్కర్లేదని నేననను. పెండ్లిళ్ల సీజన్‌లో డీటీపీ షాపుకు వచ్చినన్ని పెన్‌డ్రైవ్‌లు ఇంకెక్కడికీ రావు. ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఏముందో దేవుడికే తెలియాలి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక మంచి పని చేసింది. 2014లోనే గడువు ముగిసిన ఎక్స్‌పీకి కూడా ఆ రంధ్రం పూడ్చే ప్యాచ్ ఇచ్చింది. రూపం మార్చకుండా తాళం బాగుచేయొచ్చని అప్పుడే తేలిపోయింది.

ఇప్పుడూ చేస్తున్నారు, కాకపోతే మన కోసం కాదు. ఏటీఎంలు, ఆస్పత్రి పరికరాలు, ఫ్యాక్టరీ మెషిన్ల వంటివాటి కోసం అమ్మే విండోస్ 10 రకం ఒకటుంది, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అని. దానికి 2032 జనవరి వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతాయి. మామూలు జనానికి దొరికింది 2026 అక్టోబర్ 13 వరకు, ఒక్క ఏడాది పొడిగింపు. అదీ ముప్పై డాలర్లు కట్టాలి, లేదా వాళ్ల రివార్డ్స్ పాయింట్లు వెయ్యి ఇచ్చుకోవాలి, లేదా వాళ్ల అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్ చేయాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీస్తే అక్కడివాళ్లకు ఆ బ్యాకప్ షరతు లేకుండానే ఉచితంగా ఇచ్చారు. హన్మకొండ తరఫున నిలదీసేది ఎవరు?

ఇంజనీర్లుగా మనకు అవతలి వాదన కూడా తెలుసు. పాత కోడ్‌ను ఎన్నాళ్లని మోస్తారు, పదేళ్లు తక్కువా అంటారు. పదేళ్లు తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉంటే భద్రత పెరుగుతుందనేదీ నిజమే. కానీ 2016లో కొన్న బావ డెస్క్‌టాప్ ఆరో తరం ఇంటెల్‌ది. విండోస్ 11కు కావలసింది దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతిది. ఆ పాత డెస్క్‌టాప్ ఇప్పటికీ గంటల తరబడి ఆగకుండా ప్రింట్లు తీస్తుంది. చౌరస్తా దగ్గర విండోస్ ఎక్కించే పిల్లగాళ్లు "చెకింగ్ తప్పించి ఎక్కిస్తం సార్" అంటున్నారు. ఎక్కుతుంది కూడా. అట్లాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, కాబట్టి ఏ భద్రత కోసం ఇదంతా మొదలైందో అదే గాల్లో ఉంటుంది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోమని సలహా ఇచ్చే మిత్రులకు నమస్కారం. ముందు బావ పాత ఫైళ్లన్నీ దాంట్లో ఉన్నదున్నట్టు తెరిచి చూపించండి.

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మనవాడని, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడని చెప్పుకొని మురిసిపోతాం. ఆయన ఫొటో ముఖచిత్రంగా వేయడానికి లేని మొహమాటం ఆయన కంపెనీని అడగడానికి ఎందుకు? మన సంఘం సభ్యుల్లో ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు ఉంటే వాళ్లకు నా కోరిక ఇదీ. పదేళ్లు అయిపోయాక కూడా సెక్యూరిటీని విడిగా, అందుబాటు ధరకు అమ్మండి. కొత్త రూపం వచ్చినప్పుడు మొదటి స్క్రీన్‌లోనే పాత అమరిక కావాలా, కొత్తది కావాలా అని ఒక్క ప్రశ్న అడగండి. చిన్నాయన కొత్తది నొక్కుతాడు, బావ పాతది నొక్కుతాడు. నాకు ఫోన్లు తగ్గుతాయి.

ప్రస్తుతానికి బావ తనకు తోచిన ఏర్పాటు చేసుకున్నాడు. నెట్టు, మెయిల్, పేమెంట్లు అన్నీ కొత్త సిస్టమ్‌లో. పేజ్‌మేకర్ పని పాతదాంట్లో, దాని నెట్ వైరు పీకేశాడు. ఆలోచన బాగుంది బావా అన్నాను. పెన్‌డ్రైవ్‌లు మాత్రం ఇంకా పాతదానికే గుచ్చుతున్నాడు, దాని పోర్టులు ముందుకున్నాయట, చేతికి అందుతాయట.