పట్టపగలు వెలిగిన మహానుభావుడికి

మహారాజశ్రీ ఎమర్జెన్సీ లైటు గారికి,
టీవీ వెనక, స్విచ్‌బోర్డు పక్కన.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం కరెంటు పోతే గానీ తెలియదు కాబట్టి అడగడం లేదు.

తమరు మా ఇంట అడుగుపెట్టింది హుద్‌హుద్ తుపాను వెళ్లిన మరుసటి నెలలో. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్. మా ఉద్దానం వాళ్లకు క్యాలెండరులో అక్టోబరు కాగితం తిప్పాలంటేనే చెయ్యి వణికే రోజులవి. టెక్కలి వెళ్లి, దుకాణంలో అందరికన్నా లావుగా ఉన్నారని తమరినే ఎంచుకున్నాను. లోపలి బ్యాటరీ ఎంతది, ఎన్ని గంటలు వెలుగుతారు అన్న మాటే ఎత్తలేదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి సంపాదన అడగకుండా ఒడ్డూ పొడుగూ చూసి తాంబూలాలు పుచ్చుకున్నట్టే అయింది. పైగా తమరికి ఎఫ్‌ఎం రేడియో కూడా ఉంది. చీకట్లో పాటలు ఎవరికి కావాలో!

వచ్చింది మొదలు ఎర్ర బొట్టు పెట్టుకుని గోడకు చేరగిలబడ్డారు. నాలుగేళ్లు. ఇల్లరికపు అల్లుడికి కూడా పండగ పూట ఏదో ఒక పని చెబుతారు. తమరికి అదీ లేదు.

2018 అక్టోబరు 10. తిత్లీ వస్తోందన్నారు. మా ఊళ్లో మధ్యాహ్నమే కరెంటు పోయింది. కరెంటు పోగానే తనంతట తానే వెలగడం తమరి ప్రత్యేకత అని అట్టపెట్టె మీద రాసి ఉంది. మాట తప్పలేదు, వెలిగారు. పట్టపగలు, టీవీ వెనక, బల్లులకు. మేము పెరట్లో పశువుల పలుపులు విప్పుతూ, పాక మీదికి తాళ్లు బిగిస్తూ ఉన్నాం. ఎవరు చూస్తారు? రాత్రి గాలి ఊళ పెట్టడం మొదలయ్యాక తమరిని రెండు చేతులా ఎత్తి స్విచ్చి నొక్కితే, మిణుగురు పాటి వెలుగు వచ్చి, అమ్మ ముఖం వైపు తిప్పేలోగా అదీ పోయింది. తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో కొబ్బరి చెట్లు కూలుతుంటే చప్పుడును బట్టే లెక్కపెట్టుకున్నాం.

ఆ రాత్రి ఇంటికి దిక్కయింది అమ్మ తలగడ కింది రెండు సెల్లుల టార్చి. రోజూ తెల్లవారకముందే పశువుల పాకకు తీసుకెళ్లేది అదే. మూత ఊడకుండా సైకిలు ట్యూబు ముక్కతో కట్టి ఉంటుంది. అమ్మ దాన్ని చెంబులో నిలువుగా నిలబెట్టి, దాని నెత్తిన నీళ్లు నింపిన సీసా పెట్టింది. గదంతా పాలవెలుగు పరుచుకుంది. రోజూ వాడేది కాబట్టి దానికి సెల్లు ఎప్పుడు నీరసించేదీ అమ్మకు తెలుసు. తమరి నీరసం సంగతి నాకెలా తెలుస్తుంది? నాలుగేళ్లలో ఒక్కసారీ చెయ్యి వెయ్యలేదు గదా.

తరువాత తమరి పొట్ట విప్పించాను. లోపల సీసపు బ్యాటరీ. రాత్రింబవళ్లు ప్లగ్గుకు తగిలించి ఉంచితే, ఛార్జింగు తనంతట ఆగే ఏర్పాటు లేని తమరి వంటి చవక వంశజులకు లోపలి తడి ఆరిపోతుందట. పోనీ అని తీసేసి మూలన పడేస్తే, కొన్ని నెలలకు దానంతటదే దిగిపోయి, పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఇక ఛార్జింగు ఎక్కనే ఎక్కదట. పెట్టినా అలక, పెట్టకపోయినా అలక.

తమరి తమ్ముడు కారు టార్చి కథ వేరు. ఒక రాత్రి శ్రీకాకుళం నుంచి వస్తుంటే నరసన్నపేట దాటాక వెనక టైరు పంక్చరైంది. జాతీయ రహదారి మీద లారీలు చెవి పక్కనుంచే పోతున్నాయి. డ్యాష్‌బోర్డు అరలోంచి టార్చి తీసి మూత తిప్పితే రాలేదు. బలం కొద్దీ తిప్పితే వచ్చింది గానీ, స్ప్రింగు పచ్చగా చిలుమెక్కి, సెల్లులు కక్కిన క్షారం తెల్లగా ఉప్పులా పేరుకుని ఉంది. ఎండలో తలుపులు బిగించిన కారులో రెండు వేసవులు ఉడికితే ఎవరైనా కక్కుతారు. ఫోను పళ్ల మధ్య కరిచిపట్టి, ఆ వెలుగులో స్టెప్నీ బిగించాను. నాలుగో బోల్టు దగ్గర అత్తగారి ఫోను వచ్చింది. పళ్లతో ఎత్తడం కుదరలేదు. ఆవిడ ఇప్పటికీ నమ్మలేదు.

కాబట్టి కొత్త బ్యాటరీతో పాటు తమరికి కొత్త షరతులు. తనంతట తానే వెలిగే ముచ్చట రద్దు. ఆ మీట మీద ప్లాస్టరు అంటించాను. ప్రతి అమావాస్య రాత్రీ మా భోజనాలకు తమరే దీపం. గంట వెలిగాక కడుపు నిండా ఛార్జింగు, నిండగానే ప్లగ్గు తీసేస్తాను. కారులో తలకు కట్టుకునే లైటు పెట్టాను, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. దాని సెల్లులు లోపల కాకుండా పక్కనే డబ్బాలో ఉంటాయి. వెనక దూరంగా నిలబెట్టడానికి ఎర్రగా మెరిసే ముక్కోణం కూడా డిక్కీలో ఉంది.

ఇట్లు,
తమరి యజమానిని అనుకుంటున్నవాడు

తా.క.: నిన్న రాత్రి టీవీ రిమోటుకు సెల్లులు అయిపోయాయి. కారు డబ్బాలోంచి రెండు తీశాను. రేపే కొత్తవి తెచ్చి పెట్టేస్తాను.