కళ్లు మూసుకోండి, సమీక్ష మొదలవుతోంది

మా విభాగాధిపతి గారికి ఈమధ్య ఆత్మజ్ఞానం కలిగింది. కలిగినదాన్ని తమ దగ్గరే భద్రంగా దాచుకోవచ్చు గదా, దాచుకోలేదు. ప్రతి సోమవారం సమీక్షకు ముందు పది నిమిషాల సామూహిక ధ్యానం తప్పనిసరి అని, రాత్రి పదకొండున్నరకు, ‘అత్యవసరం’ అన్న ముద్రతో ఈమెయిలు పంపారు.

ఆ దృశ్యం చూసి తరించవలసిందే. శుక్రవారం నలుగురిలో ‘బుర్ర ఉందా’ అనిపించుకున్న కుర్రాడూ, ఆ మాట అన్న ఆయనా ఎదురెదురుగా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. ‘శ్వాసను గమనించండి’ అని, టార్గెట్లు అడిగే గొంతుతోనే ఆయన ఆజ్ఞాపిస్తారు. అందరూ కళ్లు మూసుకుంటారు. ఎవరు మూసుకోలేదో చూడటానికి ఆయన ఒక కన్ను తెరిచే ఉంచుతారు. ఎక్కడో ఫోను మోగుతుంది. ఎవడురా అది అని ఉరిమి, మోగింది తన జేబులోనేనని తెలిశాక, అదీ సాధనలో భాగమేనని సెలవిస్తారు.

ఆ తర్వాత గడువు సాధ్యం కాదని ఎవరైనా నోరు విప్పితే, అది వారి అహంకారమని తేలుతుంది. ‘లోపలికి చూసుకోండి’ అన్నది పరిష్కారం. చూసుకున్నాం, ఇద్దరి పని ఒక్కరే చేస్తున్న సంగతి అక్కడా కనబడింది.

ఉద్యోగుల అసమ్మతి మూడు దారుల్లో పోతుందని జెఫ్రీ కాసింగ్ అనే పరిశోధకుడు 1990ల చివర్లోనే వివరించాడు: పైవారికి సూటిగా చెప్పడం, తోటివారి దగ్గర సణగడం, ఇంటివారి ముందు వెళ్లగక్కడం. మా దగ్గర మొదటి దారికి ధ్యానమందిరం అడ్డం కట్టారు గనుక, రెండోది లిఫ్టులోనూ మూడోది మా ఇళ్లలోనూ నిరాటంకంగా సాగుతున్నాయి. దీన్నే మా విభాగాధిపతి గారు ప్రశాంత వాతావరణం అంటున్నారు.

ఎవరికీ చెప్పకుండా ఏళ్లుగా సాధన చేసుకునే ఒకావిడ మా విభాగంలో ఉన్నారు. తండ్రి ఆసుపత్రిలో ఉన్న సహోద్యోగి సెలవు రద్దయినప్పుడు మేమంతా బల్లకేసి చూస్తూ కూర్చుంటే, గొంతు పెంచకుండా ‘ఇది అన్యాయమండీ’ అన్నది ఆవిడే. ఆమె వార్షిక మదింపులో ‘ప్రతికూల శక్తి’ అని రాశారు! సిగ్గుండాలి. నిజమైన ధ్యానం ఆవిడకు భయం పోగొట్టింది. ఈయనగారు అదే పేరు చెప్పి మా నోళ్లకు తాళాలు వేస్తున్నారు. పనిచోట అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి వల్లే బర్న్‌అవుట్, అంటే పనితో మనిషి పూర్తిగా అలిసి చితికిపోయే స్థితి, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. ఆ ఒత్తిడి పెట్టే మనిషే వచ్చి మా మనసుల్లో మాలిన్యం వెతుకుతాడా?

వచ్చే సోమవారం ధ్యానాంశం ‘కృతజ్ఞత’ అట. హాజరు వేస్తారు.