మహారాజశ్రీ కమీషన్ గారికి, టోపీ నెంబరు 17 వ్రాయునది

మహారాజశ్రీ కమీషన్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు క్షేమమేనని మాత్రం నాకు రూఢిగా తెలుసు, ఎందుకంటే మొన్న శనివారం మధ్యాహ్నం పన్నెండుం పావు నుంచి మూడు గంటల దాకా మీ క్షేమం కోసమే ఇరవై రెండు మందిమి ఒక మేడ మీద గదిలో బందీలమై కూర్చున్నాము.

మనకు ముఖపరిచయం లేదు. ఆ రోజు బస్సులో మీరు ఏ సీటులోనూ కనిపించలేదు. ప్రయాణికుల జాబితాలో మీ పేరు లేదు, మీ చేత మనిషికి పన్నెండు వందల రూపాయలు కట్టించలేదు, మీ నెత్తిన పచ్చ టోపీ పెట్టలేదు. అయినా బస్సు ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఎక్కడ ఆగినట్టే ఆగి సాగిపోవాలో నిర్ణయించింది మీరేనని గ్రహించడానికి నాకు పొద్దున్నుంచి పొద్దుగుంకే దాకా పట్టింది. నా మందబుద్ధిని మన్నించగలరు.

నేను వచ్చింది గాజుల కోసం. మా మేనకోడలి పెళ్ళికి హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు కొనాలని, దాని ఆది గాజు ఒకటి రుమాలులో చుట్టి రాజమండ్రి నుంచి చేతి సంచిలో భద్రంగా తెచ్చుకున్నాను. ఊరు తెలియని వాళ్ళం, ఆటోవాళ్ళతో తగువెందుకు, అన్నీ తెలిసిన మనిషి వెంట ఉంటే మోసపోము గదా అనుకుని మీ యాత్రకు పేరు ఇచ్చాను. మోసపోకుండా ఉండడానికని డబ్బు కట్టి మరీ వచ్చానన్న సంగతి మీకు నవ్వు తెప్పిస్తే నేను తప్పు పట్టను.

కరపత్రంలో అయిదు బజార్ల పేర్లు ఉన్నాయి: పత్తర్‌గట్టి, లాడ్ బజార్, బేగం బజార్, సుల్తాన్ బజార్, మొజంజాహి మార్కెట్. పేర్లన్నీ నిజమైనవే, బజార్లన్నీ ఉన్న చోటనే ఉన్నాయి, అందులో అబద్ధం ఏమీ లేదు. మేము వాటిని చూస్తామని మాత్రం మేమే ఊహించుకున్నట్టున్నాము.

పొద్దుటి పూట ముచ్చట్లు త్వరగా ముగిస్తాను. ఎనిమిదికి బయలుదేరవలసిన బస్సు తొమ్మిదిన్నరకు కదిలింది. ఉచితమని చెప్పిన మంచినీళ్ళ సీసా ఇద్దరికి ఒకటి వచ్చింది. 1591లో కట్టిన చార్మినారును గైడు గారు ఆరు వందల ఏళ్ళనాటిదని చెప్పి, దాని కింద నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని కూడా చెప్పి, రెండింటికీ చప్పట్లు కొట్టించుకున్నారు. ఇవన్నీ నేను నిన్ననే మరిచిపోయాను. మరిచిపోలేనిది ఆ మేడ మీద గది ఒక్కటే.

పత్తర్‌గట్టిలో ముత్యాలు చూపిస్తామన్నారు. 1908 మూసీ వరదల తరువాత నగరాభివృద్ధి మండలి వారు కట్టించిన ఆ రాతి కమానుల వరస కింద నడవాలని, ఆ దుకాణాల మెట్ల మీద నిలబడి నాలుగు ధరలు అడిగి అయిదో చోట కొనాలని నాకు ఆశ ఉండేది. బస్సు ఆ వీధి మొగలో వేగం తగ్గించింది, గైడు గారు అద్దంలోంచి వేలు చూపించారు, మళ్ళీ వేగం అందుకుంది. అరగంట తరువాత, బస్సు నిలపడానికి తగినంత ఖాళీ స్థలమున్న ఒక భవనం ముందు దిగాము. రెండో అంతస్తు. కింద బోర్డు లేదు. పైన తలుపు లోపలి నుంచి తెరుచుకుంది, మేము వచ్చాక లోపలి నుంచే మూసుకుంది.

గడప పక్కన చిన్న బల్ల, దాని మీద పొడుగు పుస్తకం. మేము చెప్పులు విడుస్తుండగా గైడు గారు అందులో బస్సు నెంబరు రాసి, మమ్మల్ని టోపీల చొప్పున లెక్కపెట్టి, 22 అని వేసి, కింద సంతకం చేశారు. మా నాన్నగారు ధాన్యం మిల్లులో గుమాస్తాగా ఉండేవారు కనుక, సరుకు దించేటప్పుడు బస్తాలు లెక్క రాసుకోవడం నేను చిన్నప్పటి నుంచి చూసినదే. బస్తాల వైపు నిలబడి చూడడం మాత్రం అదే మొదలు.

లోపల చల్లగా ఉంది. అల్లం టీ ఇచ్చారు. కమీషన్ గారూ, ఆ టీ గురించి మీకు ప్రత్యేకంగా అభినందనలు చెప్పుకోవాలి. తెలుగువాడి మొహమాటం ఎంత లోతైనదో మాకన్నా మీకే బాగా తెలుసు. ఒకరి ఇంట్లో కప్పు టీ తాగాక ఊరికే లేచి రావడానికి మాకు కాళ్ళు రావు. ఆరు రూపాయల టీ, పక్కన రెండు బిస్కెట్లు పెట్టి ఆరు వేల రూపాయల మొహమాటాన్ని పండించగలిగిన రైతును నేను ఇంతవరకు చూడలేదు.

తరువాత పరీక్షలు మొదలయ్యాయి. నల్ల మఖమలు పళ్ళెంలో ముత్యాల దండ పెట్టి, ఒకాయన దానికి లైటరుతో మంట చూపించారు, అది కాలలేదు. బ్లేడుతో గీసి తెల్లని పొడి రాల్చారు. ఆ మీదట పంటికి రాసి చూడమని, గరుకుగా తగిలితే అసలుదని చెప్పి దండను వరసలోకి పంపించారు. నా వంతు వచ్చేసరికి అది తొమ్మిది మంది పళ్ళు దాటి వచ్చింది కాబట్టి నేను చేతులు జోడించి పక్కకు పంపాను. ఇప్పుడు తీరికగా ఆలోచిస్తే తోచేది ఏమంటే, ఆ పరీక్షలు ప్లాస్టిక్ పూసను పట్టుకోవడానికే పనికివస్తాయి. చైనా చెరువుల్లో ఆల్చిప్పలకు పండించి బస్తాలలో తెచ్చిన మంచినీటి ముత్యం కూడా పంటికి గరుకుగానే తగులుతుంది. ముత్యం నిజమైనదేనని పన్ను చెబుతుంది గాని, దాని ధర నిజమైనదో కాదో పన్నుకేం తెలుస్తుంది?

ధర అడిగినప్పుడల్లా ఆయన నిజాం గారిని పిలిచారు. నిజాం నగలలో ఇలాంటి దండే ఉందట. ఆ నగలలో ఏడు పేటల సత్‌లడా ఉన్న మాట నిజమే, అవి గల్ఫ్ సముద్రం నుంచి వచ్చిన బస్రా ముత్యాలన్న మాటా నిజమే. అయితే ఆయన చెప్పని సంగతి ఒకటుంది. ఆ 173 నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది, అది కూడా ఏళ్ళ తరబడి కోర్టులలో బేరం నలిగాక, అమ్మేవారు అడిగినదానికన్నా చాలా తక్కువకే. నిజాం ముత్యాలకే బేరం ఉంది. మీ గదిలో ఫిక్స్‌డ్ రేటు అని గోడ మీద రాసి ఉంది. దాని పక్కనే 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది. లోపమున్న సరుకును, బిల్లులో గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల లోపల తెచ్చి ఇచ్చినా తీసుకోనని మొండికేయడం, 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం కిందికి వస్తుందని మా కుర్రాడు ఫోనులో చెప్పాడు. బోర్డు రాసినాయనకు ఆ ఫోను వెళ్ళినట్టు లేదు.

ఒకటిన్నర అయింది. పిల్లలు ఆకలి అన్నారు. భోజనం ఇక్కడి నుంచి బయలుదేరాకనే అన్నారు. ఎప్పుడు బయలుదేరుతామంటే అందరి షాపింగు పూర్తయ్యాక అన్నారు. నాలుగో వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, పాపం మోకాళ్ళ నొప్పితో ఉన్నవారు, లేచి నిలబడి అందరికీ వినబడేలా అడిగారు: "అమ్మా, ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనండమ్మా, వెళ్ళిపోదాము." అప్పుడు నేను కొన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక పేట దండ, 2,800 రూపాయలు. ఇంట్లో చెప్పిన ధర వేరు, ఆ విషయం మనిద్దరి మధ్య ఉండనివ్వండి.

బిల్లు మడిచి పెట్టుకుంటుంటే వెనుక మూలన పెన్సిలుతో ఏదో కనిపించింది. మా బస్సు నెంబరులోని చివరి నాలుగు అంకెలు, ఒక గీత, దాని పక్కన 30. నేను ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాను. మొదట నా వయసు తక్కువ చేసి రాశారేమోనని సంతోషించాను. దేవుడా, అవి మీ పాదముద్రలని తెలియక.

భోజనం నాలుగింటికి అయింది, ఆ హోటలు కూడా మీ బంధువులదేనని పప్పు రుచి చూడగానే తెలిసింది. ఆ తరువాత నగరంలో ఒక వింత జరిగింది. బేగం బజారుకు సందులు ఇరుకు, బస్సు పోదన్నారు. ఆ సందులు కరపత్రం అచ్చువేసిన రోజున కూడా ఇరుకుగానే ఉండి ఉంటాయి. అక్కడి టోకు వ్యాపారి రూపాయికి పైసలు చూసుకునేవాడు, మీకు కుర్చీ వేసే స్తోమత అతనికి ఉండదు. సుల్తాన్ బజారు దగ్గర ట్రాఫిక్ అన్నారు. 1935 నాటి మొజంజాహి మార్కెట్ నల్లరాతి గోడలను కిటికీలోంచి చూపించి, అక్కడి ఐస్‌క్రీమ్ చాలా ప్రసిద్ధమని చెప్పి, దిగనివ్వకుండా ముందుకు పోనిచ్చారు. ఎవరు అడిగినా ఒకే ధరకు ఇచ్చే ఐస్‌క్రీమ్‌లో మీకేం మిగులుతుంది గనక? హైదరాబాదులో మీ వాటా లేని చోటల్లా ఆ సాయంత్రం ట్రాఫిక్ ఉంది.

లాడ్ బజారుకు చేరేసరికి ఏడు దాటింది. పదిహేను నిమిషాలు ఇచ్చారు. దీపాల వెలుగులో రెండు వైపులా గాజులు నిప్పురవ్వల్లా మెరుస్తుంటే, ఎటు చూడాలో తెలియక ఒక చిన్న కొట్టు ముందు నిలబడిపోయాను. లోపల నేల మీద ఒక ముసలాయన కూర్చుని, బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన లక్క ముద్దను పీట మీద వేసి అరచేతితో దొర్లించి సన్నని తాడులా సాగదీశారు. దాన్ని చుట్టూ తిప్పి కొనలు కలిపారు. కలిసిన చోటు ఎక్కడో కనిపించలేదు. వేడి ఆరకముందే పక్కనున్న ఆమె ఆవగింజంత రాళ్ళను ఒక్కొక్కటే తీసి వరసగా అద్దుతోంది. 2024లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) పొందిన పని అది. నేను రుమాలు విప్పి ఆది గాజు చేతిలోకి తీసుకున్నాను. ఆమె తలెత్తి చూసి, "టూ సిక్సా అమ్మా?" అంది. అవునన్నాను. ఆమె పైనున్న అర వైపు చెయ్యి చాచింది.

ఈల వినిపించింది. పచ్చ టోపీలన్నీ బస్సెక్కాలట.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు. రెండు గంటల నలభై అయిదు నిమిషాలు ఆ గదికి, పదిహేను నిమిషాలు దీనికా? మేము కట్టిన డబ్బు చాలదా? సిగ్గులేదా మీకు? పసిపిల్లల అన్నం వేళ మింగారు, మోకాళ్ళ నొప్పి మనిషిని మెట్లెక్కించి కూర్చోబెట్టారు, చివరికి నా చేతిలోని ఆది గాజును కూడా ఖాళీగా వెనక్కి పంపించారు. ఇది మార్కెట్ల యాత్ర కాదు, పట్టపగలు చేసిన దోపిడి.

గైడు కుర్రాడిని ఏమీ అనను. తిరుగు ప్రయాణంలో అతను డ్రైవరు పక్కన కూర్చుని మధ్యాహ్నపు డబ్బా అప్పుడు విప్పుకున్నాడు. జీతమెంత బాబూ అని అడిగితే నవ్వి, "రోజుకు ఇచ్చేది పెట్రోలుకు సరిపోతుంది మేడమ్, మిగతాది మీరు కొంటేనే" అన్నాడు. అతని కూలి కట్టవలసిన యజమాని, ఆ బాధ్యతను నా మెడలోని పేట దండ మీదికి తోసేసి నిశ్చింతగా ఉన్నాడన్నమాట. అతనికి మీరు యజమాని కన్నా నమ్మకస్తులు. ఆ ఒక్క విషయంలో మీ మీద నా కోపం కొంచెం తగ్గింది, ఎక్కువ కాదు.

మరునాడు ఆదివారం మా వదినను వెంటబెట్టుకుని సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్‌లో దిగాను. నయాపూల్ మీదుగా నడిచి, మదీనా దాటి, పత్తర్‌గట్టి కమానుల నీడన తాపీగా ధరలు అడుగుతూ, మచ్లీ కమాన్ కిందుగా గుల్జార్ హౌజ్ చేరి, అక్కడి నుంచి చార్మినారు దగ్గరికి వెళ్ళాము. ఎక్కడా సందు ఇరుకుగా అనిపించలేదు. అదే కొట్టు, అదే ముసలాయన, అదే ఆమె. నన్ను గుర్తుపట్టి, నిన్న తీసిపెట్టిన సెట్టును అర మీద నుంచి దించింది. ధర అడిగితే తొమ్మిది వందలంది. బేరం మొదలుపెట్టబోతుంటే ఆమె నా వెనక్కి తొంగిచూసి, "గైడు వచ్చిండా మీతోని?" అని అడిగింది.

లేడన్నాను. ఆమె మళ్ళీ ఒకసారి వీధి అటూ ఇటూ చూసి, గాజులను కాగితంలో చుడుతూ, "అయితే ఆరు వందల ముప్పై ఇయ్యండి అమ్మా" అంది. ముప్పై శాతం. బిల్లు వెనుక పెన్సిలు అంకె అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. ఆది గాజుతో మేనకోడలి చేతి కొలతే కాదు, మీ కొలత కూడా దొరికింది.

ఇట్లు,
టోపీ నెంబరు 17

తా.క.: పచ్చ టోపీ తిరిగి అప్పగించలేదని, వెంటనే పంపించవలసిందని మీ కార్యాలయం వారు నిన్న ఫోను చేశారు. మా ఇంటి గోడ మీద కూడా ఇప్పుడు ఒక బోర్డు ఉందని వారికి మనవి చేయగలరు: ఒకసారి పెట్టిన టోపీ వాపసు ఇవ్వబడదు.