గ్యాస్ట్రబుల్ గారికి బహిరంగ లేఖ

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

మహారాజశ్రీ గ్యాస్ట్రబుల్ గారి సముఖమునకు, మీ పాత ఖాతాదారు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

మేమంతా ఇక్కడ క్షేమం. అంటే, మీ దయవల్ల క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తున్నాం. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికి గుండె దడ పుట్టినా, ఎవరికి నిద్ర పట్టకపోయినా, ఎవరు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయినా, ఆ నేరమంతా మీరే నెత్తిన వేసుకున్నారు. మా తాతయ్య రిటైరైన ఏడాది ఎవరితోనూ మాట్లాడకుండా వసారాలో కూర్చుండిపోతే అది మీ పనే అన్నారు. మా పెద్దక్కకు పురుడైన తరవాత కారణం లేకుండా కన్నీళ్ళు కారుతుంటే, కడుపులో ఉండవలసిన మీరు కళ్ళ దాకా ఎలా ఎక్కారని ఎవరూ అడగలేదు. నానమ్మ వాము నమలమంది, అంతే.

ఇక నా సంగతి మీకు తెలియనిది కాదు. పదోన్నతి మీద కొత్త బ్రాంచికి వెళ్ళిన మూడో నెలలో, ఒక రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువ వచ్చింది. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టు, చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నట్టు, ఇక తెల్లవారడం చూడనన్నట్టు అనిపిస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు. (తీయవలసిందే. ఛాతీ పట్టేస్తే ముందు గుండెనే చూడాలి, అందులో మీకూ నాకూ పేచీ లేదు.) మర్నాడు ఎకో, ఆ పై వారం ఎండోస్కోపీ, అన్నీ నార్మలే. అంత ఖర్చు పెట్టించాక ఏమీ లేదని చెప్పడానికి మొహమాటపడ్డారు కాబోలు, డాక్టరు గారు "గ్యాస్ అయ్యుంటుంది" అని మీ పేరు చెప్పి పంపించారు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. సాయంత్రానికి పక్కింటివారు జీలకర్ర నీళ్ళు, తోడల్లుడు ఏదో చూర్ణం పట్టుకుని వచ్చారు. అదే నేను "భయం వేస్తోంది, ఎందుకో తెలియదు" అని ఉంటే, వచ్చినవాళ్ళు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే వెళ్ళిపోయేవారు.

మీరు మా తెలుగువాళ్ళకే సొంతమని మేము గర్వపడుతూ ఉండేవాళ్ళం. కానీ 1999లో ఒక పేరున్న వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధన చూస్తే మీ బంధుగణం ప్రపంచమంతటా ఉన్నట్టుంది. పొరుగున ఉన్న బెంగళూరుతో కలిపి 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో, కుంగుబాటు ఉందని తేలినవారిని పరిశీలిస్తే, అందులో 69 శాతం మంది డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు చెప్పుకున్నవి శరీర బాధలు మాత్రమేనట. ఒళ్ళు నొప్పులు, నీరసం, కడుపు ఉబ్బరం అంటూ వస్తారు గానీ, దిగులు పేరెత్తరు. బెంగ, దిగులు, గాబరా, మనోవేదన అని ఇన్ని మాటలున్న భాషలో పుట్టి కూడా, డాక్టరు ముందు కూర్చోగానే మాకు మీ పేరొక్కటే నోటికి వస్తుంది. పైగా "మనోవ్యాధికి మందు లేదు" అని మా పెద్దలే సామెత కట్టారు. మందు లేని జబ్బు కన్నా మందుల షాపులో దొరికే మీరే నయం కదా.

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసి, పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదనీ లెక్క తేల్చారు. ఆ 12 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు కనుక ఇక్కడ మీ పరువు దక్కింది. ఆ చికిత్స అందనివాళ్ళంతా ఎక్కడికి పోతున్నారని ఎవరైనా అడిగితే మీ చిరునామా ఇవ్వగలను. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులున్నారని ఒక అంచనా. అంటే లక్షమందికి ముప్పాతిక డాక్టరు. అలాంటప్పుడు ప్రభుత్వాలకు మీకన్నా ఆప్తులెవరు? చీటీ మీద గ్యాస్ అని రాసినంతకాలం కొత్త పోస్టు మంజూరు చేయనక్కర్లేదు.

శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ చట్టం చదివి ధైర్యం తెచ్చుకుని నేను పాలసీ ఫారం నింపుతుంటే, ఏజెంటు నా చెయ్యి పట్టుకుని ఆపి, "గ్యాస్ ఉందని రాసుకోండి సార్, ఆ రెండోది మాత్రం వద్దు" అన్నాడు.

మా మేనత్త కథ మీకు కొంచెం కష్టం కలిగిస్తుంది. మామయ్య పోయాక ఆరేళ్ళు ఆవిడ గుండెల్లో మంటగా మీరే కాపురమున్నారు. చివరికి 1871 నుంచి వాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకు నేనే తీసుకెళ్ళాను. ఆటో ఎక్కగానే ఆవిడ "కంటాసుపత్రి దగ్గర ఆపు నాయనా" అంది. అక్కడ దిగి, కొంగు నెత్తిమీదకు లాక్కుని, మిగతా దూరం నడిచింది. ఓపీ చీటీ, మందులు పట్టుచీరల కొట్టు సంచిలో, సంచి చంకలో. రెండు నెలలకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఆవకాయ ముద్ద రుచి తెలిసింది. మొహం తేటపడిందేమిటని ఎదురింటావిడ అడిగితే "కళ్ళు చూపించుకున్నాను" అంది. "ఆ కళ్ళ డాక్టరెవరో నాకూ చెబుదురూ" అని ఆవిడ వెంటపడితే, మా అత్త మెల్లగా అసలు చిరునామా చెప్పింది. మీకు రెండో ఖాతా కూడా అలా పోయింది.

పిల్లల జోలికి మాత్రం మీరు రాకుండా ఉండవలసింది. కడుపునొప్పి అని హాస్టల్లో పడుకున్న పిల్లకు వార్డెను గ్యాస్ మాత్ర ఇచ్చి క్లాసుకు పంపడం ఈ ఊళ్ళో కొత్త కాదు. 2023లో ఇక్కడ నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులోనే, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆ పైన విద్యార్థులున్న చోట కనీసం ఒక కౌన్సెలరు ఉండాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి కోచింగ్ బ్యాచీలు విడదీయకూడదని, పదిమందిలో అవమానించకూడదని, సహాయవాణి నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని చెప్పింది. మా వీధి చివరి కోచింగ్ సెంటరులోనూ అతికించారు, ర్యాంకుల ఫ్లెక్సీ వెనకాల.

ఆ నంబర్లలో ఒకటి 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌ది. మొన్నొక రాత్రి నేనూ చేశాను. అవతలి అమ్మాయి తెలుగులోనే, తొందరపెట్టకుండా, నేను చెప్పిందంతా విన్నది. కడుపు సంగతి ఒక్కసారైనా అడగలేదు. ఇంట్లో ఎవరి కంటైనా పడుతుందేమోనని ఆ నంబరును మీ పేరు మీదే ఫోనులో దాచుకున్నాను, "గ్యాస్ బుకింగ్" అని. నిన్న మా ఆవిడ చూసి, సిలిండర్ ఎప్పుడొస్తుందని అడిగింది. రెండు రోజుల్లో వస్తుందన్నాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు.